సగంలో ఆపిన సిమ్యులేషన్: ఏది భద్రపరచాలి, ఏది వదిలేయాలి

1961 శీతకాలంలో ఎం.ఐ.టి.లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ పన్నెండు సమీకరణాల వాతావరణ నమూనా ఒకదాన్ని కంప్యూటర్ మీద నడుపుతున్నారు. అంతకుముందు వచ్చిన ఫలితాల్లో ఒక భాగాన్ని మరికాస్త దూరం పరిశీలించాలనిపించింది. మళ్లీ మొదటి నుంచి నడపడం ఎందుకని, మధ్యలో యంత్రం అచ్చువేసిన సంఖ్యలనే ప్రారంభ విలువలుగా టైపు చేసి వదిలేశారు. కొత్త ఫలితాలు కొంతసేపు పాతవాటితో సరిపోయాయి. ఆ తర్వాత చివరి అంకెలో తేడా మొదలైంది. నమూనాలోని కాలం ప్రకారం సుమారు నాలుగు రోజులకొకసారి అది రెట్టింపవుతూ పోయి, రెండో నెలకల్లా రెండు వాతావరణాలకూ పోలికే లేకుండా పోయింది. ఏ వాక్యూమ్ ట్యూబో పాడైందని ఆయన మొదట అనుమానించారు. యంత్రం బాగానే ఉంది. లోపల అది ఆరు దశాంశ స్థానాలతో లెక్కించేది, కాగితం మీద మాత్రం మూడే అచ్చువేసేది. లోపల 0.506127 ఉన్నచోట ఆయన టైపు చేసింది 0.506.

కయోస్ (అస్తవ్యస్తత) సిద్ధాంతం గురించి చెప్పేవారు చాలామంది ఈ సంఘటనతోనే మొదలుపెడతారు. సిమ్యులేషన్లు రాసేవాళ్లు దీన్ని మరో కోణం నుంచి చూడాలని నా అభిప్రాయం. అక్కడ జరిగింది ఒక సిమ్యులేషన్ స్థితిని మధ్యలో భద్రపరచి, తర్వాత పునరుద్ధరించడం. భద్రపరచిన స్థితి అసంపూర్ణం. అయినా ప్రోగ్రామ్ ఆగలేదు, ఏ హెచ్చరికా ఇవ్వలేదు, చూడటానికి సహజంగానే ఉన్న ఫలితాలను ఇచ్చుకుంటూ పోయింది. ఈ పనిలోని అసలు ప్రమాదం ఇదే. సగం స్థితితో మళ్లీ మొదలైన సిమ్యులేషన్ చాలాసార్లు కూలిపోదు. నమ్మదగినట్టు కనిపించే మరో భవిష్యత్తును చూపిస్తుంది.

మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టే అవసరం ఎందుకొస్తుందో వివరంగా చెప్పనక్కర్లేదు. రోజుల తరబడి నడిచే లెక్క విద్యుత్తు పోతే మొదటికి రాకూడదు. ఒకే మధ్యస్థితి నుంచి పది రకాల ప్రశ్నలను పది దారుల్లో పరీక్షించాల్సి రావచ్చు. చాలా దూరం నడిచాక బయటపడే లోపాన్ని, దానికి కాస్త ముందు నుంచి మళ్లీ మళ్లీ నడిపి చూడాలి. ఇవన్నీ, స్థితిని మధ్యలో భద్రపరచే చెక్‌పాయింట్ అనే ఒక్క సదుపాయం మీద ఆధారపడతాయి.

మరి స్థితి అంటే ఏమిటి? ఆబ్జెక్టులోని (ప్రోగ్రామ్‌లో ఒక వస్తువును సూచించే భాగంలోని) ఫీల్డుల విలువలన్నీ కలిపి స్థితి అనే సమాధానం తేలికగా వస్తుంది, అది సరిపోదు. ఒక క్షణంలో సిమ్యులేషన్ స్థితి అంటే, ఆ క్షణం తర్వాత జరగబోయేదాన్ని నిర్ణయించే సమస్తం. ఈ నిర్వచనాన్ని గట్టిగా పట్టుకుంటే తక్కిన ప్రశ్నలు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. భవిష్యత్తును మార్చగలిగేది ఆబ్జెక్టు బయట ఎక్కడ దాగి ఉన్నా భద్రపరచాలి. మార్చలేనిది ఆబ్జెక్టు లోపలే ఉన్నా వదిలేయవచ్చు.

ఆబ్జెక్టుల వల

నగరంలోని వాహనాల రాకపోకలను అనుకరించే ప్రోగ్రామ్‌ను తీసుకుందాం. రోడ్డు అనే ఆబ్జెక్టు దగ్గర తన మీదున్న వాహనాల జాబితా ఉంటుంది. ప్రతి వాహనానికీ తానున్న రోడ్డు ఏదో, తన ముందున్న వాహనం ఏదో తెలుసు. కూడలిలోని సిగ్నల్‌ను నాలుగు రోడ్లు చూస్తుంటాయి. ఒక్క వాహనాన్ని పట్టుకుని లాగితే నగరం మొత్తం కదిలి వస్తుంది.

దీన్ని ఫైలులోకి రాయడానికి తోచే మొదటి పద్ధతి, ప్రతి ఆబ్జెక్టూ తన ఫీల్డులను రాసి, తాను చూపించే ఆబ్జెక్టులను కూడా రాయమని ఆదేశించడం. వాహనం రోడ్డును రాస్తుంది, రోడ్డు తన వాహనాలను రాస్తుంది, అవి మళ్లీ రోడ్డును రాస్తాయి. ఈ చక్రానికి అంతం లేదు. చక్రాలు లేని చోట జరిగే తప్పు కంటికి మరింత దొరకనిది. నాలుగు రోడ్లూ ఒకే సిగ్నల్‌ను చూపిస్తుంటే, ఈ పద్ధతి ఆ సిగ్నల్‌ను నాలుగుసార్లు రాస్తుంది. తిరిగి చదివినప్పుడు నాలుగు వేర్వేరు సిగ్నళ్లు పుడతాయి. ఆ క్షణంలో నాలుగింటి విలువలూ ఒకటే కాబట్టి తనిఖీలో ఏ తేడా కనిపించదు. ఆ తర్వాత ఒకటి ఎరుపుకు మారితే మిగతా మూడింటికి తెలియదు.

పరిష్కారం పాతదే. ప్రతి ఆబ్జెక్టుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాన్ని ఒక్కసారే రాసి, మిగతా చోట్ల ఆ సంఖ్యను మాత్రమే రాయాలి. చదివేటప్పుడు రెండు విడతలు కావాలి. మొదటి విడతలో ఖాళీ ఆబ్జెక్టులన్నింటినీ సృష్టించి, రెండో విడతలో వాటి మధ్య సంబంధాలను కలపాలి. ఆబ్జెక్టులను ఫైలులోకి రాసే సదుపాయాలైన పైథాన్‌లోని పికిల్, జావా సీరియలైజేషన్ ఒకసారి రాసిన ఆబ్జెక్టులను ఇలాగే గుర్తుపెట్టుకుంటాయి. అయితే ఆ జ్ఞాపకం ఒక్క రాత వరకే ఉంటుంది. రోడ్లను ఒక ఫైలులోకి, వాహనాలను మరో ఫైలులోకి విడివిడిగా పికిల్ చేస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఆబ్జెక్టులు మళ్లీ రెండుగా చీలిపోతాయి. పనిలో పనిగా చెప్పాల్సిన మరో మాట: పికిల్ ఫైలును చదవడమంటే అందులోని ఆదేశాలను అమలు చేయడమే. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని చెక్‌పాయింట్‌ను ఎన్నడూ తెరవకూడదు.

కనిపించని స్థితి

ఆబ్జెక్టులన్నీ సరిగ్గా తిరిగి వచ్చాక కూడా పని సగమే అయినట్టు. మిగతా సగం ఆబ్జెక్టుల మధ్య ఖాళీల్లో ఉంటుంది.

అన్నింటికంటే ముందు చెప్పుకోవాల్సింది యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ గురించి. సీడ్ (జనరేటర్‌ను మొదలుపెట్టే తొలి సంఖ్య) ఒక్కటి గుర్తుంటే చాలని చాలామంది అనుకుంటారు. పునరుద్ధరించినప్పుడు జనరేటర్‌ను అదే సీడ్‌తో మళ్లీ మొదలుపెడితే, మొదటి సగంలో వాడేసిన సంఖ్యలే రెండో సగంలో అదే వరుసలో మళ్లీ వస్తాయి. రెండు సగాలూ స్వతంత్రమని నమ్మి తీసిన సగటులు, విచలనాలు తప్పవుతాయి, ఆ తప్పు ఏ గ్రాఫులోనూ కంటికి కనిపించదు. భద్రపరచాల్సింది జనరేటర్ లోపలి స్థితిని. విరివిగా వాడే మెర్సెన్ ట్విస్టర్‌లో అది 32 బిట్ల సంఖ్యలు 624, వాటిలో ఎక్కడిదాకా వచ్చామో చెప్పే సూచిక ఒకటి. ఫిలాక్స్ వంటి కౌంటర్ ఆధారిత జనరేటర్లలో ఒక తాళపు విలువ, ఒక లెక్కింపు, అప్పటికే పుట్టి వాడకుండా మిగిలిన కొద్ది సంఖ్యలు ఉంటే చాలు. చెక్‌పాయింట్ తరచుగా తీయాల్సిన కొత్త ప్రోగ్రామ్‌లకు వీటినే ఎంచుకోవడం మంచిదని నేను గట్టిగా చెబుతాను.

అక్కడ స్థితి దాగే చోటు ఇంకొకటి కూడా ఉంది. సాధారణ (గాసియన్) విభాజనం నుంచి సంఖ్యలు తీసే బాక్స్-ముల్లర్ తరహా పద్ధతులు ఒక్కో విడతలో రెండు సంఖ్యలను పుట్టిస్తాయి. ఒకటి ఇప్పుడు ఇచ్చి, రెండోదాన్ని తర్వాతి పిలుపు కోసం దాచిపెడతాయి. సరిగ్గా ఆ మధ్యలో చెక్‌పాయింట్ తీసి, దాచిన సంఖ్యను మరిచిపోతే, పునరుద్ధరణ తర్వాత వరుస మొత్తం ఒక అడుగు పక్కకు జరుగుతుంది. పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో జనరేటర్ స్థితిని అడిగితే 625 పూర్ణ సంఖ్యలతో పాటు ఈ మిగిలిన గాసియన్ విలువ కూడా వస్తుంది. సొంతంగా జనరేటర్ రాసుకునేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

రెండోది ఘటనల వరుస. ఘటనల ఆధారంగా నడిచే సిమ్యులేషన్‌లో, జరగబోయే ఘటనలు సమయం ప్రకారం ఒక ప్రయారిటీ క్యూలో (ముందు జరగాల్సినది ముందు బయటికొచ్చే వరుసలో) ఉంటాయి. ఒకే సమయానికి రెండు ఘటనలుంటే ఏది ముందు? చాలా క్యూలు హీప్ (అతి చిన్న విలువ ఎప్పుడూ పైనుండే అమరిక) మీద కట్టినవి. సమానమైన వాటి మధ్య వచ్చిన వరుసను హీప్ కాపాడదు. ఫైలు నుంచి చదివి మళ్లీ హీప్‌లో వేస్తే లోపలి అమరిక మారి, అదే సమయంలోని రెండు ఘటనలు తారుమారు కావచ్చు. అందుకే ప్రతి ఘటనకూ సమయంతో పాటు ఒక వరుస సంఖ్య ఇవ్వాలి, తర్వాత ఇవ్వబోయే వరుస సంఖ్యను కూడా భద్రపరచాలి. కొత్త వాహనాలకు గుర్తింపు సంఖ్యలిచ్చే గ్లోబల్ కౌంటర్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని సున్నాకు వదిలేస్తే కొత్త వాహనానికి పాత వాహనం సంఖ్య వస్తుంది.

మెమరీ చిరునామాలు కూడా స్థితిలోకి చొరబడగలవు. పాయింటర్లను, అంటే మెమరీ చిరునామాలను, కీలుగా పెట్టుకున్న సెట్‌లో ఆబ్జెక్టుల వరుస ఆ చిరునామాల మీద ఆధారపడుతుంది. పునరుద్ధరించిన ప్రోగ్రామ్‌లో అవే ఆబ్జెక్టులు వేరే చిరునామాల్లో ఉంటాయి. వాహనాలను ఆ సెట్ వరుసలో కదిలిస్తే ముందు కదిలే వాహనం మారుతుంది. ప్రోగ్రామర్ రాసిన ఏ ఫీల్డులోనూ లేని సమాచారం భవిష్యత్తును నిర్ణయించేస్తుంది. దీన్ని భద్రపరచి ప్రయోజనం లేదు. గుర్తింపు సంఖ్యల వరుసలో తిరిగేలా ప్రోగ్రామ్‌నే మార్చాలి.

అవకలన సమీకరణాలను సాధించే సిమ్యులేషన్లలో సాల్వర్‌కూ (ఆ సమీకరణాలను అడుగడుగునా సాధించే భాగానికీ) జ్ఞాపకం ఉంటుంది. ఆడమ్స్ పద్ధతులు, బీడీఎఫ్ పద్ధతులు గతంలోని అనేక అడుగుల విలువలను వాడుకుని తర్వాతి అడుగు వేస్తాయి. చరరాశుల ప్రస్తుత విలువలు మాత్రమే ఇస్తే సాల్వర్ మళ్లీ చిన్న అడుగులతో, తక్కువ కచ్చితత్వంతో మొదలుపెట్టాల్సి వస్తుంది.

వీటన్నింటిలోకీ కఠినమైనది మరొకటి ఉంది, దాని మూలం ఆబ్జెక్టు అనే భావన పుట్టుకలోనే ఉంది. 1960లలో ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ సిములా భాషను రూపొందించింది సిమ్యులేషన్ల కోసమే. క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం అనే భావనలు సిములా 67లో స్థిరపడ్డాయి. అందులో ఆబ్జెక్టు అంటే డేటా మాత్రమే కాదు, సొంత నడక కూడా. ఒక వాహనం తన కథను వరుసగా రాసుకుంటుంది: బయలుదేరు, కూడలి దాకా నడువు, పచ్చ దీపం వచ్చేవరకు ఆగు, మలుపు తిరుగు. ‘ఆగు’ దగ్గర ఆ ఆబ్జెక్టు నిలిచిపోయి, సమయం వచ్చాక సరిగ్గా అక్కడి నుంచే కదులుతుంది. చదవడానికి ఇంత హాయైన శైలి మరొకటి లేదు. భద్రపరచడానికి ఇంత కష్టమైనదీ లేదు. కోడ్‌లో ఏ వరుస దగ్గర ఆగింది, అప్పటి స్థానిక చరరాశుల విలువలేమిటి అన్నది ఏ ఫీల్డులోనూ ఉండదు, నడుస్తున్న ప్రోగ్రామ్ స్టాక్‌లో (నడుస్తున్న ఫంక్షన్ల వివరాలుండే మెమరీ భాగంలో) ఉంటుంది. పైథాన్‌లో ఇదే శైలిని, మధ్యలో ఆగి అక్కడి నుంచే సాగగల జనరేటర్ ఫంక్షన్లతో రాస్తారు (యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్‌తో వీటికి సంబంధం లేదు). సగంలో ఆగిన జనరేటర్‌ను పికిల్ చేయడం కుదరదు. కాబట్టి చెక్‌పాయింట్ అవసరమవుతుందని ముందే తెలిస్తే, ‘ఏ దశలో ఉన్నాను’ అన్నది ఒక మామూలు ఫీల్డుగా పెట్టుకుని, ప్రతి దశనూ ఒక ఘటనగా రాయడం మేలు. కోడ్ అందం కాస్త తగ్గుతుంది. ఆ నష్టాన్ని భరించాల్సిందే.

వదిలేయవలసినవి, వదిలేయకూడనివి

తెరిచి ఉన్న ఫైళ్లు, నెట్‌వర్క్ అనుసంధానాలు, థ్రెడ్లు, తెర మీది బొమ్మలు స్థితి కావు. వాటిని పునరుద్ధరణలో కొత్తగా సృష్టించుకోవాలి. ఫలితాలు రాస్తున్న ఫైలు విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. చెక్‌పాయింట్ తర్వాత కూడా కొంతసేపు నడిచి ప్రోగ్రామ్ ఆగిపోయి ఉంటే, ఆ కాసేపటి ఫలితాలు ఫైలులో ఇప్పటికే ఉన్నాయి. మళ్లీ నడిపితే అవే రెండోసారి చేరతాయి. చెక్‌పాయింట్ తీసిన క్షణంలో ఆ ఫైలు పొడవెంతో కూడా రాసుకుని, పునరుద్ధరించేటప్పుడు అంతవరకు కత్తిరించాలి.

ఇతర విలువల నుంచి లెక్కగట్టగలిగే వాటిని భద్రపరచనక్కర్లేదని పుస్తకాలు చెబుతాయి. ఈ సలహాను నేను సగమే ఒప్పుకుంటాను. ఫ్లోటింగ్ పాయింట్ కూడికలో వరుస మారితే ఫలితం మారుతుంది. 0.1, 0.2లను ముందు కూడి దానికి 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది. 0.2, 0.3లను ముందు కూడి 0.1కి కలిపితే 0.6 వస్తుంది. ఒక వ్యవస్థ మొత్తం శక్తిని ప్రతి అడుగులో కొద్దికొద్దిగా సవరిస్తూ నడిపించారనుకుందాం. పునరుద్ధరణలో దాన్ని అన్ని కణాల నుంచి కొత్తగా కూడితే చివరి బిట్లలో వేరే సంఖ్య వస్తుంది. అణువుల కదలికలను అనుకరించే ప్రోగ్రామ్‌లలో దగ్గరి కణాల జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని కొన్ని అడుగులకొకసారి మాత్రమే కొత్తగా కడతారు. పునరుద్ధరణలో వెంటనే కొత్త జాబితా కడితే బలాలను కూడే వరుస మారిపోతుంది. అస్తవ్యస్త వ్యవస్థలో చివరి బిట్‌లోని తేడా ఎక్కడిదాకా పెరుగుతుందో లోరెంజ్ చూపించారు. అందువల్ల నేను పెట్టుకునే నియమం ఇది: ఒక విలువను మళ్లీ లెక్కగడితే బిట్టుబిట్టూ అదే వస్తుందని రుజువు చేయగలిగితేనే వదిలేయాలి. లేదా, చెక్‌పాయింట్ తీసే ప్రతిసారీ నడుస్తున్న ప్రోగ్రామ్‌లో కూడా ఆ విలువను కొత్తగా లెక్కగట్టాలి. అప్పుడు ఆగకుండా నడిచినదీ, ఆగి లేచినదీ ఒకే దారిలో సాగుతాయి.

సంఖ్యలను అక్షరాలుగా రాసేవాళ్లు లోరెంజ్ కాగితాన్ని మరవకూడదు. 64 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్య దేన్నైనా ఏ నష్టమూ లేకుండా తిరిగి పొందాలంటే 17 సార్థక అంకెలు కావాలి. అచ్చువేసే ఆదేశాలు సి, సి++ వంటి కొన్ని భాషల్లో, ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆరంకెల దగ్గరే ఆగిపోతాయి. జేసన్ (డేటాను అక్షరాలుగా రాసే ఒక ప్రామాణిక రూపం) వాడితే ఇంకో చిక్కు: ఆ ప్రమాణంలో అనంతానికి చోటు లేదు. ‘తర్వాతి ఘటన ఎన్నడూ లేదు’ అనడానికి సమయాన్ని అనంతంగా పెట్టడం సిమ్యులేషన్లలో మామూలు అలవాటు.

ఫైలు, కాలం

చెక్‌పాయింట్ రాస్తుండగానే యంత్రం ఆగిపోతే? పాత ఫైలు మీదే రాస్తుంటే పాతదీ పోతుంది, కొత్తదీ ఉండదు. కొత్తదాన్ని వేరే పేరుతో రాసి, డిస్కుకు చేరిందని నిర్ధారించుకుని, ఆ తర్వాతే పేరు మార్చాలి. అంతకుముందుదాన్ని కూడా ఒకటి ఉంచుకోవాలి. అణువుల సిమ్యులేషన్లకు విరివిగా వాడే గ్రోమాక్స్ మామూలు అమరికలో ప్రతి 15 నిమిషాలకు చెక్‌పాయింట్ రాస్తుంది, వెనకటి దాన్ని కూడా అట్టేపెడుతుంది.

ఎంత కాలానికొకసారి రాయాలన్న ప్రశ్నకు 1974లో జాన్ యంగ్ ఒక చక్కని సూత్రం ఇచ్చారు. చెక్‌పాయింట్ రాయడానికి పట్టే సమయాన్ని, రెండు వైఫల్యాల మధ్య సగటు కాలాన్ని గుణించి, దాన్ని రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. రాయడానికి 5 నిమిషాలు పడుతూ, సగటున 24 గంటలకొకసారి యంత్రం ఆగిపోతుంటే, 2 × 5 × 1440 అంటే 14,400. దాని వర్గమూలం 120 నిమిషాలు. రెండు గంటలకొకసారి రాస్తే రాతకయ్యే ఖర్చు, ఆగిపోయినప్పుడు వృథా అయ్యే పని రెండూ కలిసి కనిష్ఠంగా ఉంటాయి.

ఫైలులో ఉన్న స్థితికి వయసు మీద పడుతుంది. నిరుడు రాసిన చెక్‌పాయింట్‌ను ఈ ఏటి ప్రోగ్రామ్ చదవాలి. ఈలోగా క్లాసులో ఒక ఫీల్డు చేరింది, ఒకదాని ప్రమాణం కిలోమీటర్ల నుంచి మీటర్లకు మారింది. ఫైలు మొదట్లో రూపం సంఖ్య ఒకటి రాసి, ఒక రూపం నుంచి తర్వాతి రూపానికి మార్చే చిన్న ఫంక్షన్లను వరుసగా పేర్చుకోవడమే నాకు తెలిసిన నమ్మకమైన దారి. తెలియని రూపం ఎదురైతే ఊహించి పూరించకుండా, స్పష్టంగా నిరాకరించి ఆగిపోవాలి.

వెనక్కి నడిచే సిమ్యులేషన్లు

డిస్కు ప్రసక్తి లేకుండా, క్షణానికి వేలసార్లు స్థితిని భద్రపరచి పునరుద్ధరించే సిమ్యులేషన్లు కూడా ఉన్నాయి. 1985లో డేవిడ్ జెఫర్సన్ ప్రతిపాదించిన టైమ్ వార్ప్ పద్ధతిలో అనేక ప్రాసెసర్లు ఒకే సిమ్యులేషన్‌ను పంచుకుంటాయి, ఒకదాని కోసం ఒకటి ఆగవు. తన దగ్గరున్న ఘటనలతో ప్రతిదీ ధైర్యంగా ముందుకు పోతుంది. తాను దాటేసిన సమయానికి సంబంధించిన సందేశం పక్క ప్రాసెసర్ నుంచి ఆలస్యంగా వస్తే, ఆ సమయానికి ముందు భద్రపరచిన స్థితికి వెనక్కి వెళ్తుంది. ఈలోగా తాను పంపిన సందేశాలను రద్దు చేస్తూ వ్యతిరేక సందేశాలు పంపుతుంది. ఏ ప్రాసెసరూ ఇక వెనక్కి వెళ్లలేని సమయపు హద్దును గ్లోబల్ వర్చువల్ టైమ్ అంటారు. దానికి ముందటి స్థితుల్లో, ఆ హద్దు దాకా తిరిగి రావడానికి అవసరమైనది ఒక్కటి ఉంచి, మిగతావి పారేసి మెమరీని ఖాళీ చేసుకుంటారు.

ప్రతి ఘటనకూ మొత్తం స్థితిని నకలు తీయడం భారం కాబట్టి మారిన ఫీల్డులనే రాసుకునే పద్ధతి వచ్చింది. 1999లో కరొథర్స్, పెరుమళ్ల, ఫుజిమోటో ఇంకో అడుగు వేశారు: భద్రపరచే బదులు ఘటనను వెనక్కి నడిపితే సరిపోదా? వాహనాల లెక్కను ఒకటి పెంచిన ఘటనను రద్దు చేయడానికి పాత విలువ అక్కర్లేదు, ఒకటి తగ్గిస్తే చాలు. పాత విలువను చెరిపేసే ఆదేశాలకు మాత్రమే ఆ విలువను దాచాలి. చాలా యాదృచ్ఛిక జనరేటర్లను కూడా వెనక్కి నడపవచ్చు. ఫ్లోటింగ్ కూడికకు ఈ సుగుణం లేదు. కూడిన దాన్ని తీసేస్తే అసలు సంఖ్య తప్పకుండా రావాలన్న హామీ లేదు.

మెమరీలో నకలు పెట్టుకోవడం, ఫైలులోకి రాయగల బైట్లుగా మార్చడం రెండు వేర్వేరు సామర్థ్యాలు. సిమ్యులేషన్ నమూనాలను ఒక సాధనం నుంచి మరోదానికి మార్చుకోవడానికి ఉన్న ఎఫ్‌ఎంఐ ప్రమాణం 2014 నాటి 2.0 రూపంలో ఈ రెండింటినీ విడివిడిగానే ప్రకటించమంటుంది. నమూనాకు మొదటిది ఉండి రెండోది లేకపోవచ్చు.

పరీక్ష

ఇంత చేశాక, స్థితి మొత్తం పట్టుబడిందని ఎలా తెలుస్తుంది? భద్రపరచి, వెంటనే చదివి, రెండూ సమానమో కాదో చూసే పరీక్ష చాలామంది రాస్తారు. మరిచిపోయిన ఫీల్డు ఆ పోలికలోనూ ఉండదు కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది. చేయాల్సింది మరొకటి. సిమ్యులేషన్‌ను వెయ్యి అడుగులు ఆగకుండా నడపాలి. మరోసారి అయిదు వందల అడుగుల దగ్గర భద్రపరచి, ప్రోగ్రామ్‌ను పూర్తిగా ముగించి, కొత్త ప్రాసెస్‌లో పునరుద్ధరించి మిగతా అయిదు వందలు నడపాలి. చివరి స్థితులు బిట్టుబిట్టూ ఒకటి కావాలి. కొత్త ప్రాసెస్ అన్నది ముఖ్యం. అదే ప్రాసెస్‌లో పునరుద్ధరిస్తే గ్లోబల్ చరరాశుల్లో మిగిలిన పాత విలువలు లోపాన్ని కప్పేస్తాయి. చెక్‌పాయింట్ తీసే అడుగును కూడా ప్రతిసారీ మార్చాలి. బాక్స్-ముల్లర్ దాచిన సంఖ్య వంటివి కొన్ని అడుగుల దగ్గరే బయటపడతాయి.

తేడా వస్తే చివరి ఫలితాన్ని చూస్తూ కూర్చుంటే కారణం దొరకదు. ప్రతి అడుగు చివరా ప్రతి ఆబ్జెక్టు స్థితికీ ఒక హాష్ విలువ (ఆ స్థితి నుంచి లెక్కగట్టిన చిన్న గుర్తు సంఖ్య) రాసి ఉంచుకుంటే, రెండు నడకల హాష్‌లు మొదటిసారి ఎక్కడ విడిపోయాయో చూడవచ్చు. పునరుద్ధరణ తర్వాతి మొదటి అడుగులోనే విడిపోతే సాధారణంగా మరిచిపోయిన ఫీల్డో, దశాంశాల కోతో కారణం. పది ఇరవై అడుగుల తర్వాత ఒకే ఒక్క ఆబ్జెక్టు దగ్గర విడిపోతే ముందు ఘటనల వరుసనూ, సెట్‌ల మీద తిరిగే లూపులనూ వెతకాలి.